టీఎఫ్‌ఆర్ అంచు కోసుకుంటూ వెళ్లాక: నా అనుభవం

అధ్యక్షుడి రాక కోసం మూసిన ఆకాశంలోకి ఒక శుక్రవారం తెలియకుండా వెళ్లిపోయాను. పొరపాటు జరిగింది గాల్లో కాదు, నేల మీద కూర్చుని నోటామ్ (పైలట్లకి ఇచ్చే అధికారిక ప్రకటన) చదివినప్పుడు. ఆ తర్వాత జరిగిందంతా కూడా గడువుల లెక్కే. ఏ రోజుకి ఏం చేశామన్న దాని మీదే చాలా ఆధారపడుతుంది. అమెరికాలో ప్రైవేట్ పైలట్ లైసెన్సుతో ఎగిరే మనవాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. ముఖ్యంగా ఎడిసన్, ప్రిన్స్‌టన్ చుట్టుపక్కల ఉండేవాళ్లు అలా మూసే వలయం మధ్యలోనే కాపురం ఉంటున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

న్యూజెర్సీలోని బెడ్‌మిన్‌స్టర్‌కి అధ్యక్షుడు వచ్చినప్పుడు అక్కడి ఆకాశం మీద తాత్కాలిక ఆంక్ష పెడతారు. దాన్నే టీఎఫ్‌ఆర్ అంటాం. వీఐపీ టీఎఫ్‌ఆర్ మామూలుగా రెండు వలయాలు. మధ్యలో 10 నాటికల్ మైళ్ల వరకూ మనలాంటివాళ్లకి ప్రవేశమే లేదు. బయట 30 మైళ్ల దాకా వెళ్లొచ్చు గానీ షరతులున్నాయి: ఫ్లైట్ ప్లాన్ యాక్టివ్‌గా ఉండాలి, ఏటీసీ (నేల మీది ట్రాఫిక్ కంట్రోలర్లు) ఇచ్చిన ప్రత్యేక స్క్వాక్ కోడ్, అంటే రాడార్‌లో మనల్ని గుర్తుపట్టే నాలుగంకెల సంఖ్య, పెట్టుకోవాలి, రేడియోలో వాళ్లతో మాట్లాడుతూ ఉండాలి. అప్పుడు కూడా స్థానిక ఎయిర్‌పోర్టుకి రావడం, పోవడం మాత్రమే. ట్రైనింగ్, ప్రాక్టీస్ అప్రోచ్‌లు, ఊరికే చక్కర్లు కుదరవు. ఎత్తు 17,999 అడుగుల దాకా, కాబట్టి సెస్నా 172 లాంటి చిన్న విమానంతో పైనుంచి దాటిపోవడమన్నది లేదు.

నా దారి పెన్సిల్వేనియాలోని మౌంట్ పోకనో నుంచి ఫిలడెల్ఫియా పక్కనున్న వింగ్స్ ఫీల్డ్‌కి, సుమారు 60 మైళ్లు. తిన్నగా గీత గీస్తే అలెన్‌టౌన్‌కి తూర్పుగా పోతుంది. అలెన్‌టౌన్ క్లాస్ సి (ఏటీసీతో మాట్లాడాకే ప్రవేశించాల్సిన ఆకాశం) పైనుంచి 6,500 అడుగుల్లో వెళ్తే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. నేనూ మాట్లాడలేదు. రాడార్‌కి జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్‌లో 1200 (ప్రత్యేక కోడ్ లేనివాళ్లు పెట్టే మామూలు కోడ్), అంతే. ఆ గీత బెడ్‌మిన్‌స్టర్ నుంచి అతి దగ్గరగా వచ్చేచోట దాదాపు 28.5 మైళ్లు. అంటే వలయం లోపలికి మైలున్నర మాత్రమే. మ్యాప్ మీద చూస్తే అంచు తగిలినట్టు ఉంటుంది. కానీ పెద్ద వృత్తం అంచుని కోసే గీత మనం అనుకున్నదానికన్నా చాలా పొడుగు. లోతు మైలున్నరే అయినా, లోపల నడిచే దూరం 19 మైళ్లు. 110 నాట్ల (గంటకి 110 నాటికల్ మైళ్ల) వేగంతో పది నిమిషాల పైమాట. రాడార్ ముందు కూర్చున్నవాళ్లకి అది అంచు తగలడం కాదు, 1200 స్క్వాక్‌తో, ఎవరితోనూ మాట్లాడకుండా లోపలే తిరుగుతున్న విమానం.

ఇక నోటామ్ సంగతి. అది మొదలయ్యేది శనివారం 0000 జులూ (విమానయానంలో వాడే యూటీసీ సమయం) అని ఉంది. నేను ఎగిరింది శుక్రవారం సాయంత్రం. శనివారం అన్న మాట కంటపడగానే రేపటి సంగతిలే అని మెదడు తీర్మానించేసింది. వేసవిలో ఈస్ట్ కోస్ట్ టైమ్ జులూకి నాలుగు గంటలు వెనక. శనివారం 0000 అంటే ఇక్కడ శుక్రవారం రాత్రి ఎనిమిది. ఇండియాకి ఫోన్ చేయాలంటే తొమ్మిదిన్నర గంటలు కలపడం మనకి నిద్రలో కూడా వచ్చు. ఈ నాలుగు గంటల దగ్గర మాత్రం తేదీ మారుతుందన్నది జారిపోతుంది. జులైలో ఎనిమిదికి ఇంకా వెలుతురే కాబట్టి రాత్రి అన్న ధ్యాస కూడా రాదు. 7:50కి గాల్లోకి లేచాను, 8:04కి వలయంలో ఉన్నాను.

రెండో రేడియోలో 121.5 (అత్యవసర ఫ్రీక్వెన్సీ) పెట్టుకుని ఉండడం ఒక్కటే ఆ రోజు సరిగ్గా చేసిన పని. "అలెన్‌టౌన్‌కి ఆగ్నేయంగా ఏడు మైళ్లు, 6,500 అడుగుల్లో దక్షిణంగా వెళ్తున్న వీఎఫ్‌ఆర్ విమానం" (కంటితో చూసి నడిపే విమానం, అంటే నేనే) అని పిలుపు వచ్చింది. లోపలికి వచ్చి అప్పటికే ఎనిమిది నిమిషాలు. వెంటనే జవాబిచ్చాను. కుడికి తిరిగి 270 (పడమర దిశ) పట్టమన్నారు, కొత్త కోడ్ ఇచ్చారు. మైలు దాటగానే బయటపడ్డాను. ఆ పిలుపు వినకపోతే తర్వాత వచ్చేది ఫైటర్. ఎడమ పక్కకి వచ్చి రెక్కలు ఊపుతుంది. మనమూ రెక్కలు ఊపి వెంట నడవాలి, 121.5లో మాట్లాడాలి, వేరే కోడ్ చెప్పకపోతే 7700 (అత్యవసర కోడ్) పెట్టాలి. వాళ్లు చెప్పకుండా దిశ గానీ ఎత్తు గానీ వేగం గానీ మార్చకూడదు.

తర్వాత కంట్రోలర్ నోట ఆ మాట వచ్చింది: పైలట్ డీవియేషన్ (పైలట్ నిబంధన తప్పడం) జరిగి ఉండొచ్చు, దిగాక ఈ నంబరుకి ఫోన్ చేయండి. దీన్ని బ్రాషర్ నోటీసు అంటారు. అక్కడ వాదించకూడదు. నంబరు రాసుకుని, తిరిగి చదివి వినిపించి, విమానం నడపడం మీద దృష్టి పెట్టాలి.

దిగాక ఇంజిన్ ఆపి అక్కడే సీట్లో కూర్చుని సమయాలు, ఎత్తులు, విన్న మాటలు అన్నీ కాగితం మీద పెట్టాను. ఐప్యాడ్‌లో ట్రాక్ లాగ్ సేవ్ చేశాను. ఎగిరే ముందు తీసుకున్న బ్రీఫింగ్ కాపీ కూడా. ఫోన్ చేసే ముందు ఏఓపీఏ (పైలట్ల సంఘం) లీగల్ ప్లాన్ ద్వారా ఒక లాయర్‌తో మాట్లాడాను. ఆ ఫోన్ రికార్డ్ అవుతుందని గుర్తుంచుకోవాలి. పేరు, విమానం నంబరు, క్షేమంగా దిగానన్న మాట, మర్యాద, అంతే. ఎందుకు జరిగిందో అక్కడ ఊహించి చెప్పొద్దు. వీఐపీ టీఎఫ్‌ఆర్ కాబట్టి సీక్రెట్ సర్వీస్ వాళ్లూ అడగొచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైంది నాసాకి పంపే ఏఎస్‌ఆర్‌ఎస్ రిపోర్టు, అంటే జరిగిన పొరపాటుని మనమే స్వచ్ఛందంగా చెప్పుకునే భద్రతా నివేదిక. 1976 నుంచీ నడుస్తోంది. పది రోజుల్లోపు పంపాలి. నేను మర్నాడే పంపాను. పేరు, అడ్రసు ఉన్న పైభాగాన్ని వాళ్లు కత్తిరించి, అందిన తేదీ ముద్ర వేసి పోస్టులో మనకే తిప్పి పంపేస్తారు. వాళ్ల దగ్గర పేరు మిగలదు. ఆ వేలెడు కాగితం చీటీయే మన రుజువు, పోగొట్టుకోకూడదు. ఇక్కడ చాలామంది అపోహపడేది ఒకటుంది. ఈ రిపోర్టు కేసుని మాఫీ చేయదు. ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఉల్లంఘన జరిగిందని తేల్చినా సస్పెన్షన్ గానీ జరిమానా గానీ అమలు చేయకుండా ఆపుతుంది, అంతే. అది కూడా కావాలని చేసింది కాకపోతే, నేరం గానీ ప్రమాదం గానీ కాకపోతే, గత ఐదేళ్లలో మన మీద ఉల్లంఘన తేలి ఉండకపోతేనే.

కొన్నాళ్లకి స్థానిక ఎఫ్‌ఎస్‌డీఓ (ఎఫ్‌ఏఏ ప్రాంతీయ ఆఫీసు) నుంచి ఉత్తరం వచ్చింది. 2012 నాటి పైలట్స్ బిల్ ఆఫ్ రైట్స్ ప్రకారం అందులో రాసే ఉంటుంది: జవాబు ఇవ్వాల్సిన నిర్బంధం లేదు, ఇవ్వనందుకు చర్య ఉండదు, ఇస్తే అది సాక్ష్యంగా వాడొచ్చు, ఏటీసీ డేటా అడిగే హక్కు మనకుంది. ఆ హక్కు ఉత్తరం వచ్చేదాకా దాచుకోవద్దు. వాయిస్ రికార్డింగులు మామూలుగా 45 రోజులే ఉంచుతారు, ఉత్తరం ఆలస్యమైతే అవి చెరిగిపోతాయి. నేను పన్నెండో రోజునే రాతపూర్వకంగా అడిగాను.

జవాబు ఇవ్వాలా వద్దా అన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. మౌనం మన హక్కు. కానీ 2015లో ఎఫ్‌ఏఏ తెచ్చిన కంప్లయన్స్ విధానం కింద, పొరపాటు ఒప్పుకుని సరిదిద్దుకునే పైలట్‌కి శిక్ష బదులు శిక్షణ ఇచ్చే వీలు ఇన్‌స్పెక్టర్‌కి ఉంది. నోరు విప్పకపోతే ఆ తలుపు తెరుచుకోవడం కష్టం. కావాలని చేసినట్టు ఏ మాత్రం అనుమానం వచ్చే కేసైతే లాయర్ లేకుండా ఒక్క మాటా మాట్లాడొద్దు, ఎందుకంటే తెలిసి చేసినదైతే క్రిమినల్ కేసు కూడా అవుతుంది. నాది జులూ లెక్క తప్పడం, ట్రాక్ లాగ్, బ్రీఫింగ్ రెండూ అదే చెబుతున్నాయి. లాయర్ చూసి సరిదిద్దిన ఒక పేజీ జవాబు పంపాను. ఒప్పందం కుదిరింది: ఇన్‌స్ట్రక్టర్‌తో నోటామ్‌ల మీద గ్రౌండ్ క్లాసు, ఒక క్రాస్ కంట్రీ (దూర ప్రయాణం) ప్లానింగ్, ఒక ఫ్లైట్. లాగ్‌బుక్‌లో సంతకాలు పంపాక ముగిసిందని ఉత్తరం వచ్చింది. కంప్లయన్స్ యాక్షన్ అంటే ఉల్లంఘన తేలినట్టు కాదు కాబట్టి ఆ నాసా చీటీ వాడాల్సిన పని పడలేదు. అది ఇప్పటికీ లాగ్‌బుక్ కవర్‌లోనే ఉంది.

ఇప్పుడు నీబోర్డు (తొడ మీద కట్టుకునే రాత పలక) మీద మొదటి గీతలో లోకల్ టైమ్, జులూ టైమ్, రెండింటి పక్కనా తేదీ రాస్తాను. ఎక్కే ముందు పైలట్లకి బ్రీఫింగ్ ఇచ్చే ఫ్లైట్ సర్వీస్‌కి 1800 డబ్ల్యూఎక్స్ బ్రీఫ్‌లో ఫోన్ చేసి, నా దారి మీద టీఎఫ్‌ఆర్‌లు లోకల్ టైమ్‌లో చెప్పమని అడుగుతాను. ఆ కాల్‌కి రికార్డు కూడా ఉంటుంది. ఏడీఎస్-బీ (విమానానికి రేడియోలో సమాచారం అందించే వ్యవస్థ) ద్వారా తెర మీద వచ్చే బొమ్మని నమ్ముకోవద్దు, కొన్నిసార్లు టెక్స్ట్ వస్తుంది గానీ వలయం గీత రాదు. ఫ్లైట్ ఫాలోయింగ్ (కంట్రోలర్ రాడార్‌లో మనల్ని గమనిస్తూ ఉండే సేవ) ఎప్పుడూ అడుగుతాను, అయినా టీఎఫ్‌ఆర్ తప్పించే బాధ్యత కంట్రోలర్‌ది అనుకోను. వలయానికి కనీసం ఐదు మైళ్ల ఎడం ఉంచుతాను. ఆ రోజు అలెన్‌టౌన్‌కి పడమరగా తిరిగి వెళ్లి ఉంటే ఎంత ఎక్కువయ్యేదో కూడా లెక్క వేశాను: నాలుగు మైళ్ల లోపు, రెండు నిమిషాలు.