పద్మినికి రెండో తల

నాన్న 1979లో కొన్న ప్రీమియర్ పద్మిని ఇప్పుడు నా దగ్గర ఉంది. 1089 సీసీ ఇంజిన్, స్టీరింగ్ పక్కనే గేరు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. కొత్తలో దాని బలం సుమారు నలభై హార్స్‌పవర్. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, పలుచటి గాలి వల్ల అందులో ఐదారు శాతం ఇక్కడ మొదటి నుంచీ లేనట్టే. మిగిలినదాన్ని నలభై ఏళ్ళు దాటిన అరుగుదల తినేసింది. కిందటి వేసవిలో అమ్మనూ అక్కనూ ఎక్కించుకుని అనంతగిరి కొండ ఎక్కుతుంటే, రెండో గేరులోనూ ఆయాసపడింది. నిండా జనంతో ఉన్న ఆటో ఒకటి మమ్మల్ని దాటిపోయింది. నాన్న ఉంటే ఆ రోజు అన్నం తినేవారు కాదు.

బలం పెంచాలని నలుగురిని అడిగితే నాలుగు దారులు చూపించారు. అన్నిటికంటే నోరూరించింది ఇంజిన్ మార్పిడి. ప్రీమియర్ వాళ్ళదే 118 ఎన్ఈ కారులో నిస్సాన్ ఇంజిన్ ఉండేది: 1171 సీసీ, యాభై రెండు హార్స్‌పవర్. అది ఎక్కించేయమన్నారు. కానీ ఇంజిన్ మారితే ఆర్సీలో వివరాలు మారాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు నిలుస్తుంది. పైగా 2021 నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటిన కారును వింటేజ్‌గా నమోదు చేయించాలంటే అది అసలు రూపంలోనే ఉండాలి. మా బండికి ఆ వయసు 2029లో వస్తుంది. ఇంకో గ్యారేజీలో జంట కార్బ్యురేటర్లు, వాల్వులను మరింత ఎత్తుకు తెరిచే క్యామ్ షాఫ్టు వేస్తామన్నారు. అలాంటి క్యామ్ బలమంతా ఇంజిన్ ఎక్కువ వేగంతో తిరిగినప్పుడే చూపిస్తుంది. నేను తిరిగేది అమీర్‌పేట సిగ్నళ్ళ మధ్య.

చివరికి మా పాత మెకానిక్ ఉస్తాద్ దగ్గరికే వెళ్ళాను. ఆయన ధర చెప్పలేదు. ప్లగ్గులు ఊడదీసి, సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టి, నన్ను స్టార్టర్ తిప్పమన్నాడు. నాలుగు సిలిండర్లకు వరుసగా 130, 128, 95, 126. మూడో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ తిప్పించాడు. ముల్లు కదల్లేదు. రింగులు అరిగి ఉంటే ఆయిల్ సందులు మూసి అంకె పెరిగేది; పెరగలేదు కాబట్టి కారుతున్నది వాల్వు దగ్గర.

"మూడు కాళ్ళ గుర్రానికి జీను మారుస్తానంటున్నారు సార్ మీరు" అన్నాడు.

వాల్వులు నూరాలంటే ఎలాగూ హెడ్, అంటే సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం, దించాలి. దించాక దాని అడుగు కొంచెం చెక్కితే కంప్రెషన్ నిష్పత్తి (పెట్రోలు, గాలి మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుపోతుందో ఆ లెక్క) పెరుగుతుంది, పెట్రోలు అంతే పోసినా బలం కాస్త ఎక్కువ వస్తుంది. కానీ చెక్కిన అల్యూమినియం మళ్ళీ అతకదు. 2029 నా మెదడులో తిరుగుతూనే ఉంది. అందుకే రాణిగంజ్‌లో పాత విడిభాగాల కోసం మూడు శనివారాలు తిరిగి, చెక్కడానికి రెండో హెడ్ సంపాదించాను. మొదట చూసిన రెండింటికీ వాల్వు సీట్ల మధ్య పగుళ్ళు ఉన్నాయి.

ఇక లెక్క. అక్క జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఆమెను బతిమాలి ఒక బ్యూరెట్ తెచ్చుకున్నాను. హెడ్‌ను బోర్లించి, దాని అడుగున పెట్రోలు మండే గది అంచుకు గ్రీజు రాసి, రంధ్రం చేసిన అక్రిలిక్ పలక అదిమి, రంగు కలిపిన కిరోసిన్‌ను చుక్క చుక్కగా వదిలాను. చివరి గాలి బుడగ రంధ్రంలోంచి బయటికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టాల్సిందే. గాస్కెట్ మందం కూడా కలుపుకుంటే 41 సీసీ. ఒక్కో సిలిండర్ 272.4 సీసీ కాబట్టి, రెండూ కలిపి 41తో భాగిస్తే నిష్పత్తి 7.6. నాకు కావలసింది 8.2, అంటే 37.8 సీసీ.

లేత్ షాపు వాళ్ళు హెడ్‌ను వాలుగా చెక్కి ఇచ్చారు. మళ్ళీ కొలిస్తే ఒక చివర 37.4, ఇంకో చివర 38.6. గొడవపడి లాభం లేదు, లోహం పోయింది. చిన్న గదులను పెద్దదానికి సమానం చేయడం ఒక్కటే మార్గం. రెండు ఆదివారాలు చిన్న గ్రైండర్‌తో కొంచెం అరగదీయడం, కిరోసిన్ పోసి కొలవడం. నాలుగూ 38.6కి వచ్చాయి. నిష్పత్తి 8కి కాస్త పైన ఆగింది.

ఇంజిన్ బిగించే ముందే బ్రేకు లైనింగులు, వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ కొత్తవి వేయించాను. ఇందులో నాకు ఏ తర్జనభర్జనా లేదు. పాత రబ్బరు గొట్టాలను ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు ఉబ్బిస్తుంది కాబట్టి అవీ మార్చాం. ఆ పెట్రోలుకు గాలి పాలు ఎక్కువ కాకుండా కార్బ్యురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్ కొంచెం పెద్దది వేశాం. ప్లగ్గులకు స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ముక్క. మూత పెడితే బయటికి కనిపించదు. మొదటి రోజు ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ గులకరాళ్ళు ఆడించినట్టు టకటకలాడింది. స్పార్కు కాస్త ఆలస్యంగా పడేలా ఉస్తాద్ డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి వెనక్కి తిప్పాడు, ఆ చప్పుడు ఆగిపోయింది.

మొన్న మళ్ళీ అనంతగిరి వెళ్ళాం. చివరి మలుపు దాకా మూడో గేరులోనే ఎక్కింది, అక్కడ మాత్రం రెండోది వేశాను. అమ్మకు తేడా తెలియలేదు. "ఇన్నాళ్ళూ దీనికేనా ఆ ఖర్చు?" అంది. అసలు హెడ్‌కు ఆయిల్ పూసి, నాన్న పాత పంచెలో చుట్టి ఆవిడ మంచం కింద పెట్టాను. ఊడ్చిన ప్రతిసారీ చీపురు తగులుతోందని విసుక్కుంటోంది. 2029 దాకా ఓర్చుకోమన్నాను.