కన్నతండ్రిని కాల్చడానికి చేతులెలా వచ్చాయి?

కైరోలో మా ల్యాబ్‌లో పక్క బల్ల దగ్గర పనిచేసే పెద్దావిడ అడిగిన మాట ఇది. నాన్న సంవత్సరీకానికి సెలవు దేనికో చెబుతూ, తలకొరివి నేనే పెట్టానన్నాను. ఆమె ముఖం మాడిపోయింది. పండక్కి ఆమె సమాధుల దగ్గరికెళ్లి వాళ్ల నాన్నని పలకరించి వస్తుంది. "మరి నువ్వెక్కడికి వెళ్తావు?" అంది.

అప్పట్నించీ లోపల ఆమెతో వాదిస్తూనే ఉన్నాను.

ఈ గడ్డ మీద ఆ భయం చాలా పాతది. ప్రాచీన ఈజిప్షియన్లకి ఒళ్లు కాలి బూడిదవడమంటే రెండో చావు. పాపాత్ములకి పడే శిక్ష. పక్షి రూపంలో తిరిగే ఆత్మ, 'బా', మళ్లీ వచ్చి వాలాలంటే దేహం ఉండాలి. అందుకే శవాన్ని మమ్మీగా చేసే 70 రోజుల తతంగం. ఇక్కడి ఎడారి లోయ వాదీ నత్రూన్‌లో దొరికే నాట్రన్‌ని నేను కెమిస్ట్‌గా చూస్తే వాషింగ్ సోడా, వంటసోడా, ఉప్పు కలిసిన ఖనిజమే. సుమారు 40 రోజులు అందులో కప్పెడితే ఒంట్లో తడంతా లాగేస్తుంది. కాలేయం, ఊపిరితిత్తులు, పొట్ట, పేగులు నాలుగు జాడీల్లోకి. గుండె మాత్రం ఒంట్లోనే ఉండాలి, పైలోకంలో సత్యదేవత మాత్ ఈకతో తూచేది దాన్నే కదా.

ఇవన్నీ కాదు నన్ను పట్టుకున్నది. సమాధుల మీద దారినపోయేవాళ్లకి విన్నపాలు చెక్కించుకునేవారు: నా పేరు పలికి, వెయ్యి రొట్టెలు, వెయ్యి జాడీల బీరు అందాలని అనండి, మీకయ్యే ఖర్చు నోటి ఊపిరే. మనం తర్పణంలో పేరూ గోత్రమూ చెప్పి మూడు తరాలను పిలవడం ఇంతకంటే వేరా? అక్కడా కర్త పెద్దకొడుకే. కొడుకులు లేని రాజు టుటంఖామున్‌కి ఆ కర్మ వారసుడు ఆయ్ చేస్తున్న బొమ్మ సమాధి గోడ మీద ఉంది.

1881లో దేర్ ఎల్ బహరీలో బయటపడ్డ రాజుల మమ్మీలను ఓడలో కైరోకి తెస్తుంటే, నైలు ఒడ్డున పల్లె ఆడవాళ్లు జుట్టు విరబోసుకుని ఏడ్చారట. మూడువేల ఏళ్ల కిందటి శవాలకి! మా పెద్దావిడ నొప్పి నాకు అక్కడ తెలుస్తుంది.

అలాగని మన ప్రేమ తక్కువంటే ఒప్పుకోను. అంత జాగ్రత్తగా దాచిన రాజులను దొంగలు వదిలారా? నగలకోసం కట్లు చింపేశారు. 2021 ఏప్రిల్ 3న 22 మంది రాజులనూ రాణులనూ ఊరేగించి కొత్త మ్యూజియంలో పెట్టారు. ఒక మమ్మీ అయితే నిజాం కాలంలో హైదరాబాద్ దాకా వచ్చింది. పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నప్పుడు నేనూ చూశాను, పల్లీలు తింటూ. మా నాన్నని ఎవరూ అలా గాజుపెట్టెలో పెట్టి టికెట్ అమ్మలేరు. గోదావరిలో కలిసిపోయాడు, నేను వెళ్లేది అక్కడికే.

ఇదంతా ఆమెకి చెప్పాను. కాల్చడం ససేమిరా ఒప్పుకోనంది. గాజుపెట్టె మాట మాత్రం కాదనలేదు. 1980లో అప్పటి ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ మ్యూజియంలో మమ్మీల గది మూయించడమే న్యాయమంది, ఆ రాజులను తిరిగి వాళ్ల సమాధులున్న లోయకే చేర్చాలంది.