సిక్స్‌లైన్ రాస్‌తో ఫైర్‌ఫిష్: ఈసారీ కుదరలేదు

నా ఉప్పునీటి అక్వేరియంలో సిక్స్‌లైన్ రాస్ అనే చేప తరమడంతో, ఫైర్‌ఫిష్ అనే సన్నటి చేప మళ్లీ ఓవర్‌ఫ్లోలోకి (పైనుంచి నీళ్లు పొర్లి బయటికి దిగే గూడు) దూకేసింది. ప్రాణానికి ఢోకా లేదు. తోక అంచు కాస్త చిరిగింది, క్వారంటైన్ ట్యాంక్‌లో పీవీసీ గొట్టంలో దూరి తల మాత్రం బయటపెట్టి చూస్తోంది. మైసిస్ రొయ్యలు వేస్తే తింటోంది కాబట్టి ఆశ ఉంది. నాకే, ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా ఇలా జరిగిందని మనసు కుదురుగా లేదు.

ముందు మిగతా సంగతులు. ఓసెల్లారిస్ క్లౌన్ జంట పూర్తిగా స్థిరపడింది, పెద్దది ఆడదిగా మారింది. ఎల్లో వాచ్‌మన్ గోబీ చేప, పిస్టల్ రొయ్య ఒకే బొరియలో కాపురం పెట్టాయి. రాయల్ గ్రామా చేప తన గుహ కప్పు కింద తలకిందులుగా తిరుగుతూ హాయిగా ఉంది. నీటి పరీక్షలోనూ అంతా మామూలే: లవణీయత 35, ఆల్కలినిటీ 8.4, నైట్రేట్ 8, ఫాస్ఫేట్ 0.06. ఆల్కలినిటీకి, ఫాస్ఫేట్‌కి నేను అంకె చూపించే హానా చెకర్ మీటర్‌నే నమ్ముతాను. రంగు పోల్చి చూసే కిట్లతో సాయంత్రం దీపం కింద ఒక అంకె, పగలు కిటికీ దగ్గర ఇంకో అంకె కనిపిస్తుంది నాకు.

ఇక అసలు సమస్య. ట్యాంక్ 120 × 50 × 50 సెంటీమీటర్లు. రాళ్లు, ఇసుక పోను నీళ్లు సుమారు 250 లీటర్లు. రాళ్లు రెండు గుట్టలుగా ఉన్నాయి, మధ్య ఖాళీ 35 సెంటీమీటర్లు. సిక్స్‌లైన్ రాస్ పొడవు ఆరున్నర సెంటీమీటర్లు, ఫైర్‌ఫిష్ ఐదు. రాస్‌ని తెచ్చింది ఫ్లాట్‌వర్మ్‌లు అనే చదును పురుగులని తినడం కోసం. ఆ పని శుభ్రంగా చేసిపెట్టింది, ఇప్పుడు రాళ్ల మీద ఒక్క ఫ్లాట్‌వర్మ్ కనపడదు. కానీ తన తర్వాత వచ్చిన ప్రతి సన్నటి చేపనీ వెంటాడటం దీని స్వభావం.

ఫైర్‌ఫిష్‌ని ముందు అక్లిమేషన్ బాక్స్‌లో (కొత్త చేప అలవాటుపడేదాకా ఉంచే పారదర్శక పెట్టె) పెట్టి, దాన్ని కుడి అద్దానికి, నీటి పైభాగంలో తగిలించాను. మొదట్లో రాస్ రెక్కలు విప్పి బాక్స్ చుట్టూ తిరిగింది. తర్వాత తర్వాత పట్టించుకోవడం మానేసి, బాక్స్ పక్కనే మేత తిని వెళ్లిపోయేది. ఎడమ అద్దానికి బయట ముఖం చూసుకునే అద్దం ముక్క అంటిస్తే రాస్ తన ప్రతిబింబంతోనే పోట్లాడుతూ ఉండిపోయింది. అన్ని దీపాలూ ఆరాక ఫైర్‌ఫిష్‌ని వదిలాను. పొద్దున్నే అది అలల ఎదురుగా నిలబడి, మొదటి వెన్ను రెక్కని పైకి కిందికి ఆడిస్తూ మేత అందుకుంది. రాస్ పక్కనుంచి వెళ్లినా కన్నెత్తి చూడలేదు. ఇక కుదిరినట్టే అనిపించింది.

సాయంత్రం దాకానే ఆ ముచ్చట. నా లైట్లు ఎనిమిది నుంచి తొమ్మిది మధ్య నెమ్మదిగా తగ్గుతాయి. వెలుతురు 20 శాతానికి దిగేసరికి రాస్ ఒక్కసారిగా మారిపోయింది. పగటిపూట పది నిమిషాలు కూర్చుని చూస్తే ఒకటో రెండో ఉత్తుత్తి బెదిరింపులు. అదే ఆ నీలి వెలుతురులో లెక్క పెట్టలేనన్ని తరుములు. అన్నీ కుడి గుట్ట అడుగునే మొదలయ్యాయి. ఫైర్‌ఫిష్‌కి దూరడానికి తన బొరియ దొరకలేదు, ఇక పైకి లేచింది. పైన కప్పిన వల కన్ను 6 మిల్లీమీటర్లు, అందులోంచి రాలేదు. ఓవర్‌ఫ్లో అంచుకీ వలకీ మధ్య రెండు సెంటీమీటర్ల సందు ఉంది, అక్కణ్నుంచి పోయింది. ఆ సందుకి ఇప్పుడు వల ముక్క కత్తిరించి బిగించాను.

రాస్ ఫైర్‌ఫిష్‌ని ఎందుకు కొడుతోంది? రంగు వల్ల కాదు, అంతకంటే ముదురు రంగున్న గ్రామాని ఏమీ అనదు. ఒంటి ఆకారమా? గోబీ కూడా సన్నగా పొడుగ్గానే ఉంటుంది, దాని జోలికి పోదు. అయితే గోబీ ఇసుక వదిలి రాదు కాబట్టి అది గట్టి రుజువు కాదు. మేత కోసమా అని రోజుకి రెండుసార్లు వేసేదాన్ని నాలుగుసార్లుగా విడగొట్టాను. పగటి బెదిరింపులు తగ్గాయి, సాయంత్రపు దాడి రవ్వంత కూడా తగ్గలేదు. అసలు ఇవి రెండూ ఒకేలా తినవు. ఫైర్‌ఫిష్ నీటిలో కొట్టుకొచ్చే జూప్లాంక్టన్‌ని (చిన్న చిన్న జీవులు) అందుకుంటుంది, రాస్ రాతి సందుల్లో చిన్న చిన్న క్రస్టేషియన్లని (రొయ్య, పీతల కోవ జీవులు) ఏరుకుంటుంది.

రాత్రి ఎర్ర టార్చ్ వేసి వెతికినప్పుడు అసలు విషయం బయటపడింది. సిక్స్‌లైన్ రాస్ నిద్రపోయేటప్పుడు ఒంటి చుట్టూ జిగురు పొర అల్లుకుంటుందని తెలుసు, కానీ ఇది ఎక్కడ పడుకుంటుందో నేనెప్పుడూ చూడలేదు. పగలంతా ఎడమ గుట్టనే ఏలుతుంది కాబట్టి అక్కడే ఉంటుందనుకుంటాం కదా. కాదు! కుడి గుట్ట అడుగున, ఇసుకకి నాలుగు వేళ్ల ఎత్తులో, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు రంధ్రంలో ఆ పొర లోపల పడుకుని ఉంది. ఫైర్‌ఫిష్ ఎంచుకున్న బొరియ దానికి 12 సెంటీమీటర్ల దూరంలో ఉంది. అంటే చీకటి పడేసరికి రెండూ ఒకే మూలకి ఇల్లు చేరుతున్నాయి. అక్లిమేషన్ బాక్స్ పైన ఉండటంతో, ఎన్నాళ్లు ఉంచినా ఆ రంధ్రం గొడవ అసలు ఎదురే కాలేదు.

వెంటనే కుడి గుట్ట రాళ్లు మొత్తం మార్చేసి, ఎడమ గుట్ట అడుగున అదే వెడల్పున్న సందులు కొన్ని కట్టి, ఫైర్‌ఫిష్‌ని మళ్లీ వదిలాను. ఒకట్రెండు సాయంత్రాలు ప్రశాంతం. రాస్ ఎడమవైపే పడుకుంది. ఆ తర్వాత మళ్లీ కుడికి వచ్చింది, మళ్లీ తరిమింది, మళ్లీ ఓవర్‌ఫ్లో. వల ముక్క బిగించింది దీని తర్వాతే.

తిరిగి కుడికే ఎందుకు వచ్చింది? నా అనుమానం ప్రవాహం మీద. వేవ్‌మేకర్ (నీటిని కదిలించే మోటార్) ఎడమ అద్దానికి ఉంది. మేత రేణువులని వదిలి చూస్తే, ఎడమ గుట్ట అడుగున 40 సెంటీమీటర్లు దాటడానికి దాదాపు రెండు సెకన్లు, కుడి అడుగున ఏడెనిమిది సెకన్లు. జిగురు పొరలో పడుకునే చేప నిశ్చలమైన చోటే వెతుక్కుంటుంది. ఈ ట్యాంక్‌లో పడకగది ఒక్కటే ఉంది, దానికి వాటాదార్లు ఇద్దరు. ఇది ఇంకా ఊహే, కానీ ఇప్పటిదాకా చూసినవన్నీ దీనికి సరిపోతున్నాయి.

ఏ చేప ఏ చేపతో కుదురుతుందో చెప్పే పొత్తు చార్టులతో నాకున్న తగువు ఇదే. సిక్స్‌లైన్, ఫైర్‌ఫిష్ గడి దగ్గర పసుపు రంగు వేసి 'జాగ్రత్త' అని వదిలేస్తారు. ఏది ముందు వచ్చింది, ఏది ఎక్కడ పడుకుంటుంది, ఆ చోట నీరు ఎంత వేగంగా కదులుతుంది, ఇవి లేకుండా ఆ పసుపు గడి నాకు దేనికీ పనికిరాదు. క్లౌన్, గోబీ లాంటివాటికి చార్టు చాలు. రాస్‌లకి, డాటీబ్యాక్‌ల లాంటి పోట్లాట చేపలకి చాలదు.

ఇప్పుడు చేయబోయేది: వేవ్‌మేకర్‌ని రాత్రి మోడ్‌లో పెట్టి, లైట్లు తగ్గడం మొదలవకముందే, ఏడింటికే, వేగం దించేస్తాను. ట్యూన్జే కంపెనీ మోటార్లు నాకిష్టం, తక్కువ వేగంలో కూడా చప్పుడు చేయకుండా తిరుగుతాయి. రాత్రి ఆక్సిజన్ తగ్గకుండా రిటర్న్ పంప్ (నీటిని తిరిగి ట్యాంక్‌లోకి పంపేది) నాజిల్‌ని నీటి ఉపరితలం వైపు తిప్పుతాను. ఈలోపు రాస్‌ని ట్రాప్‌లో పట్టి, ఎడమవైపు అక్లిమేషన్ బాక్స్‌లో ఉంచుతాను, ఈసారి నీటి పైభాగంలో కాదు, అడుగున రాళ్ల పక్కనే. ఫైర్‌ఫిష్ కుడి మూలని సొంతం చేసుకుని, సాయంత్రం తడుముకోకుండా తన బొరియలోకి దూరడం చూశాకే రాస్‌ని వదులుతాను. ట్రాప్ లోపల మైసిస్ పెట్టి తలుపు తెరిచే ఉంచాను, రాస్ ఇప్పటికే లోపలికి వెళ్లి వస్తోంది. జోడీ కోసం ఇంకో ఫైర్‌ఫిష్ తెమ్మని సలహా ఇచ్చారు కానీ తేను. జత కట్టని రెండు ఫైర్‌ఫిష్‌లు ఒకదాన్నొకటి చంపుకునేదాకా పోతాయి.

దీనికీ లొంగకపోతే రాస్ ఇంకొకరి ట్యాంక్‌కి వెళ్తుంది. అలా వెళ్తే మాండరిన్ చేపని తెచ్చుకోవడానికి దారి తెరుచుకుంటుంది. రాస్, మాండరిన్ రెండూ కోపిపాడ్‌లని (చాలా చిన్న క్రస్టేషియన్లు) ఏరుకు తింటాయి, రాస్ ఉన్నంతకాలం 250 లీటర్లలో మాండరిన్‌కి కడుపు నిండదని నా అభిప్రాయం. అందుకే సంప్‌లో (ఓవర్‌ఫ్లో నీళ్లు చేరే కింది తొట్టి) కీటోమార్ఫా నాచు పెట్టి, కోపిపాడ్‌లని ఇప్పట్నుంచే పెంచుతున్నాను. ఎల్లో టాంగ్ అనే పసుపు చేప మీద ఆశ కూడా ఉంది. 2015లో హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు దాన్ని ట్యాంకుల్లోనే గుడ్డు నుంచి పెంచి చూపించాక, సముద్రంలో పట్టినది కొనడానికి నాకు మనసు రావడం లేదు. అయితే ట్యాంకుల్లో పెంచినవి మరీ చిన్నవిగా వస్తాయి, రాస్ ఉండగా అంత పిల్లని వదలలేను. 120 సెంటీమీటర్ల పొడవు టాంగ్‌కి చాలంటారు చాలామంది. ఎదిగిన టాంగ్ ఈదే తీరు చూస్తే 150 ఉండాలనిపిస్తుంది నాకు. కాబట్టి ముందు మాండరిన్, టాంగ్ పెద్ద ట్యాంక్ వచ్చాకే.