నానిన వడ్లు ఆగవు, డెన్మార్క్ చలీ ఆగదు

ఏప్రిల్‌లో ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా తడిసిపోయే మిర్యాలగూడలో ఉండి, ఇళ్లను వెచ్చగా ఉంచే పైపులను ఆపకుండా రిపేరు చేయడం గురించి రాస్తున్నానంటే నవ్వుతారని తెలుసు. కానీ నా పని రైస్ మిల్లుల స్టీమ్ లైన్లు, మా చిన్నాయన కొడుకు పని డెన్మార్క్‌లో వేడినీళ్ల లైన్లు. ఆదివారం వీడియో కాల్‌లో కలిస్తే ఇంట్లో వాళ్ల యోగక్షేమాలు రెండు నిమిషాల్లో అయిపోతాయి, మిగతా టైమంతా వాల్వులు, వెల్డింగుల మీదే నడుస్తుంది. మా ఇంట్లో దీనికి పెట్టిన పేర్లు ఇక్కడ రాయను.

ముందు ఆ సిస్టమ్ ఏంటో చెప్పాలి. అక్కడ ఇంటికో హీటర్ ఉండదు. ఊరి బయట ఒక ప్లాంటులో నీళ్లు వేడి చేసి, నేలలో పూడ్చిన పైపుల్లో ఊరంతా తిప్పుతారు. ఒక పైపులో వేడినీళ్లు పోతాయి, ఇళ్లలో వేడి ఇచ్చేసి చల్లబడ్డ నీళ్లు పక్క పైపులో ప్లాంటుకు తిరిగొస్తాయి. మళ్లీ అవే నీళ్లు. డెన్మార్క్‌లో దాదాపు మూడింట రెండు వంతుల ఇళ్లకు వేడి ఇలాగే వస్తుంది. అమెరికాలో లాక్‌పోర్ట్ అనే ఊళ్లో 1877లోనే స్టీమ్‌తో ఈ పని మొదలుపెట్టారు, అంటే మన తాతల తాతల కాలం నాటి సంగతి.

చలికాలంలో ఇది ఆగితే ఏమవుతుంది? దుప్పటి కప్పుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాను నేను కూడా. సరిపోదు. 2006 జనవరిలో ఉక్రెయిన్‌లోని ఆల్చెవ్‌స్క్ అనే ఊళ్లో, లక్షకు పైగా జనం ఉన్న ఊరు, గడ్డకట్టే చలిలో మెయిన్ పైపు పగిలింది. వేడి ఆగిపోయేసరికి ఇళ్లలోని పైపుల్లో, రేడియేటర్లలో ఉన్న నీళ్లు గడ్డకట్టి అవి కూడా పగిలాయి. రోడ్డు కింద ఒక్క చోట మొదలైన రిపేరు ఇల్లిల్లూ తిరగాల్సిన రిపేరైంది. పిల్లల్ని వేరే ఊళ్లకు పంపించారు, అంతా మళ్లీ దారిలో పడటానికి వారాలు పట్టింది.

ఆపకూడదనడానికి ఇంకో కారణం ఉంది, అది మన మిల్లు వాళ్లకు కూడా తెలియాల్సింది. వంద మీటర్ల స్టీలు పైపు 80 డిగ్రీలు వేడెక్కితే దాదాపు పది సెంటీమీటర్లు సాగుతుంది. చల్లారితే అంతా వెనక్కి లాగుకుంటుంది. లైన్ ఆపిన ప్రతిసారీ, మళ్లీ ఎక్కించిన ప్రతిసారీ బెండ్ల మీద, వెల్డింగ్ జాయింట్ల మీద ఆ లాగుడంతా పడుతుంది. స్టీమ్ లైనైతే ఇంకా ఘోరం, చల్లారిన పైపులో అడుగున నీళ్లు చేరి ఉంటాయి, వాటిని డ్రెయిన్ చేయకుండా తొందరపడి వాల్వు తిప్పారంటే ఆ నీళ్లను స్టీమ్ ఎత్తి బెండుకేసి కొడుతుంది, షెడ్డు మొత్తం అదిరిపోతుంది. నేను చూసిన లీకుల్లో సగం దాకా స్టార్టప్ రోజు పుట్టినవే అనిపిస్తుంది నాకు. కాబట్టి ఆపడం సేఫ్, నడుస్తుండగా చేయడం డేంజర్ అని గుడ్డిగా అనుకోవడానికి లేదు.

సరే, ఆపకుండా ఎలా చేస్తారు? తమ్ముడు పని చేసే చోట ఇక తప్పదంటే వాడేది హాట్ ట్యాపింగ్, అంటే నీళ్లు పారుతుండగానే పైపుకు చిల్లు పెట్టడం. నడుస్తున్న పైపుకే కొత్త బ్రాంచి పెట్టాలనుకోండి. ముందు అల్ట్రాసోనిక్ మీటరుతో పైపు మందం చూస్తారు, తుప్పు తిని పల్చబడ్డ చోట వెల్డింగ్ పెడితే ఆర్క్ లోపలికి దిగి రంధ్రం పడుతుంది కాబట్టి. మందం బాగుంటే ఫ్లేంజ్ (బోల్టులతో బిగించే గుండ్రటి అంచు) ఉన్న చిన్న పైపు ముక్కను వెల్డ్ చేస్తారు. ఇక్కడే అసలు టెన్షన్: లోపల పారే నీళ్లు వెల్డింగ్ వేడిని గబగబా లాగేసుకుంటాయి, జాయింటు తొందరగా చల్లారి పగుళ్లు రావచ్చు, అందుకే రాడ్డు దగ్గర్నుంచి వెల్డర్ దాకా అన్నీ చూసి ఎంచుకుంటారు. వెల్డింగ్ అయ్యాక దాని మీద పూర్తిగా తెరుచుకునే వాల్వు బిగించి, పైపుకు చిల్లు పెట్టకముందే ఆ ముక్కనూ వాల్వునూ ప్రెజర్ పెట్టి టెస్ట్ చేస్తారు. తర్వాత వాల్వు మీద డ్రిల్లింగ్ మిషన్ కూర్చోబెట్టి, తెరిచిన వాల్వు లోంచి కట్టర్ దింపుతారు. కట్ అయిన గుండ్రటి బిళ్ల నీళ్లలో కొట్టుకుపోకుండా మధ్య డ్రిల్లుకున్న తీగ పట్టుకుంటుంది. కట్టర్ వెనక్కి తీసి, వాల్వు మూసి, మిషన్ విప్పితే అయిపోయినట్టే. పైన ఇళ్లలో ఒక్కరికి కూడా తెలియదు. ఆ బిళ్ల ఒకటి వాడు టేబుల్ మీద పేపర్ వెయిట్‌గా పెట్టుకున్నాడు, ఒకపక్క నున్నగా, లోపలి పక్క నల్లటి పొర, అంచు మీద కట్టర్ పళ్ల గీతలు. కెమెరా ముందు తిప్పి తిప్పి చూపిస్తాడు.

అబ్బో అనకండి, మన ఊళ్లో నల్లా కనెక్షన్ ఇచ్చే ప్లంబర్ చేసేది ఇదే పని. నీళ్లు వస్తున్న మెయిన్ లైన్ మీద సాడిల్ (పైపు చుట్టూ పట్టే పట్టీ) బిగించి, ఫెరూల్ (కనెక్షన్ ఇచ్చే చిన్న ముక్క) పెట్టి, మొహాన నీళ్లు చిమ్ముతుండగానే చిల్లు వేస్తాడు. కాకపోతే చల్లటి నీళ్లు, తుడుచుకుంటే పోతుంది. అక్కడ ఆ పైపుల్లో నీళ్లు చాలాసార్లు 70, 80 డిగ్రీలు, పాత లైన్లలో వంద దాటి కూడా ఉంటాయి, వంద దాటిన నీళ్లు బయటికొస్తే వాటిలో కొంత ఆ క్షణంలోనే ఆవిరై ఉబ్బుతుంది.

పైపు ముక్కే మార్చాలంటే ఇలాంటి చిల్లులు అటూ ఇటూ పెట్టి, మధ్యలో బైపాస్ లైన్ కలిపి, నీళ్లను దాని గుండా మళ్లిస్తారు. తర్వాత ఆ చిల్లుల్లోంచే లోపలికి అడ్డు బిరడాలు దించి, మధ్య భాగం ఖాళీ చేసి, కోసి, కొత్త ముక్క పెడతారు. పనయ్యాక బైపాస్ పోతుంది కానీ ఆ వెల్డ్ చేసిన ముక్కలు మాత్రం బ్లైండ్ ఫ్లేంజ్ (చిల్లు లేని మూత) వేసుకుని పైపు మీదే ఉండిపోతాయి. అంటే ఆపకుండా చేసిన ప్రతి రిపేరూ లైన్‌కు కొత్త జాయింట్లు తగిలిస్తుంది. ఇది ఎవరూ గొప్పగా చెప్పుకోరు. చిన్న పైపులకు ఇంకో ఉపాయం, బయట జాకెట్ కట్టి మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్ పోసి లోపలి నీళ్లనే మంచు బిరడాగా మార్చడం, కానీ నీళ్లు కదలకుండా ఉంటేనే అది కుదురుతుంది.

నాకు వీటన్నిటి కంటే నచ్చింది లీకు పట్టుకునే పద్ధతి. వాళ్ల పైపు లోపల స్టీలు, దాని చుట్టూ ఫోమ్, పైన ప్లాస్టిక్ తొడుగు. ఆ ఫోమ్‌లో ఫ్యాక్టరీలోనే రెండు రాగి తీగలు పెట్టేస్తారు. ఎక్కడ తడి తగిలినా తీగకూ పైపుకూ మధ్య రెసిస్టెన్స్ పడిపోతుంది. తీగలోకి ఒక పల్స్ పంపి అది తిరిగొచ్చే టైమును బట్టి ఎన్ని మీటర్ల దూరంలో తడి ఉందో చెప్తారు, కాబట్టి రోడ్డంతా తవ్వరు, ఒక్క గుంత చాలు. పైగా చాలా చోట్ల ఆ నీళ్లలో హాని చేయని పచ్చరంగు కలుపుతారు. "అన్నా, ఈడ మోరీల నీళ్లు పచ్చగ కనిపిస్తే మావోళ్లు సంతోషపడతరు, లీకు దానంతట అదే దొరికిందని" అన్నాడు తమ్ముడు. మన దగ్గర మోరీలో నీళ్లు పచ్చగా ఉంటే పట్టించుకునేవాడే లేడు, అది వేరే సంగతి.

ఇక నా గోల. మిర్యాలగూడ చుట్టూ ఉన్న బాయిల్డ్ రైస్ మిల్లుల్లో సీజన్ నడుస్తుండగా స్టీమ్ లీకైతే నాలాంటి వాళ్లను పిలుస్తారు. యాసంగి వడ్లు పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువ పడుతుంది, అందుకే నానబెట్టి, స్టీమ్ పట్టి, ఆరబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు. ట్యాంకులో వేడినీళ్లలో నానుతున్న వడ్లకు టైముకు స్టీమ్ అందకపోతే పులిసిపోతాయి, వాసన పట్టేస్తాయి, బియ్యం రంగు మారుతుంది. అందుకే సేటు మొదటి మాటే "మిల్లు బంద్ చేయకుండ చూడు, లోపల రెండు ట్యాంకులు నానుతున్నయ్". న్యాయమే. కానీ లైన్ చూస్తే బాయిలర్ నుంచి చివరి ట్యాంకు దాకా ఒకటే పైపు, హెడర్ (స్టీమ్‌ను బ్రాంచిలకు పంచే పెద్ద పైపు) మీద ఒకటే వాల్వు, అది కూడా గ్లాండ్ (కాడ చుట్టూ ఉండే సీలు) పోయి ఎప్పటి నుంచో సగంలో పట్టేసి ఉంటుంది. ఇక మిగిలేది లీకు చుట్టూ క్లాంప్ (బిగించే ఇనుప తొడుగు) కట్టి లోపలికి గన్‌తో సీలింగ్ కాంపౌండ్ ఎక్కించడం. లీకు ఆగుతుంది, సేటు భుజం తడతాడు, వచ్చే సీజన్ దాకా ఎవరూ దాని మొహం చూడరు. ఆ ఎక్కించే ప్రెజరంతా జాయింట్‌లోని తుప్పు పట్టిన బోల్టుల మీద పడుతుందని ఎవరికీ పట్టదు. బోల్టులు బాగా తినేసి ఉంటే నేను క్లాంప్ కట్టను, ఎంత తిట్టినా సరే. ఐబీఆర్ (బాయిలర్లు, స్టీమ్ పైపుల ప్రభుత్వ నిబంధనలు) కింద వచ్చే లైన్ మీద ఊళ్లో దొరికిన వెల్డర్‌తో అతుకు పెట్టించడం కూడా నావల్ల కాదు.

డెన్మార్క్ వాళ్లు ఆపకుండా చేస్తున్నారంటే మిషన్లు ఉన్నాయని కాదు. నెట్‌వర్క్‌ను రింగుగా వేశారు, అటు మూస్తే ఇటు నుంచి వేడి వస్తుంది. దూరదూరంగా కాకుండా సెక్షన్ వాల్వులు పెట్టారు, వాటిని పని లేకపోయినా అప్పుడప్పుడు తిప్పి చూస్తారు. అప్పటికీ కుదరకపోతే లారీ మీద కంటైనర్ బాయిలర్ తెచ్చి ఆ వీధి వరకు కలుపుతారు. పెద్ద పనులన్నీ ఎండాకాలానికి పెట్టుకుంటారు. హాట్ ట్యాపింగ్ అక్కడ చివరి ఉపాయం, మన దగ్గర క్లాంప్ మొదటి ఉపాయం. రష్యాలో ఇంకో దారి, ప్రతి వేసవిలో ఏరియాల వారీగా ముందే తేదీలు చెప్పి వేడినీళ్లు బంద్ పెట్టి, లైన్లకు ప్రెజర్ టెస్ట్ చేస్తారు. ఒకప్పుడు మూడు వారాలు, తర్వాత రూలు 14 రోజులకు దిగింది. జనం విసుక్కుంటారు కానీ బలహీనమైన పైపు జులైలో పగులుతుంది, జనవరిలో కాదు. నాకిది క్లాంపు కంటే నిజాయితీ గల పద్ధతి అనిపిస్తుంది.

ఆపకుండా నడిపే ఇలాంటి ఏర్పాటు మన దగ్గర అసలు లేదని కాదు. ఊళ్లో ఓవర్‌హెడ్ ట్యాంకు నిండుగా ఉంటే దానికి నీళ్లు తెచ్చే లైన్‌లో పూటంతా రిపేరు చేసినా ఎవరికీ తెలియదు, డెన్మార్క్ ప్లాంట్లలో పెట్టే పెద్ద వేడినీళ్ల ట్యాంకులు చేసేది కూడా అదే. మన జిల్లా కోదండాపూర్ నుంచి హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు పోయే లైన్లను మూడు దశల్లో వేశారు, మొదటిది 2004లో, మూడోది 2015లో. ఒక దశ లైన్‌లో పని పడితే ఫలానా ఏరియాలకు నీళ్లు రావని ముందే పేపర్లో వేస్తారు, మిగతా లైన్లు నడుస్తూనే ఉంటాయి. ఒకే లైన్ అయ్యుంటే సిటీ మొత్తం బిందెలు పట్టుకుని నిలబడేది.

అందుకని ఇప్పుడు నేను ఏ మిల్లుకు పోయినా సీజన్ అయ్యాక ఒకటే అడుగుతున్నా: ట్యాంకు బ్రాంచికి ఒక్కో ఐసొలేషన్ వాల్వు (ఆ ఒక్క బ్రాంచినే మూసేది), హెడర్‌ను రెండు ముక్కలు చేసి మధ్యలో ఒకటి, వాల్వు వెనక చిన్న డ్రెయిన్. పైన గ్లాస్ వూల్, రేకు ఎటూ మారుస్తున్నారు కదా, అది విప్పినప్పుడే చేస్తే కూలీ కూడా కలిసొస్తుంది. మొన్న ఒక సేటు అంతా విని బ్రాంచి వాల్వులకు ఒప్పుకున్నాడు, హెడర్ మధ్య వాల్వు దగ్గర ఆగాడు. "గది లేకుండ ఇన్నేండ్లు నడిచింది గద" అన్నాడు. నడిచింది, క్లాంపుల మీద. ఇన్నేళ్లలో ఆ క్లాంపులకు పెట్టిన బిల్లులన్నీ తీసి పెట్టమని చెప్పి వచ్చాను, వచ్చే వారం కూర్చుని లెక్క చూడాలి.