బాణం తగిలాక

అమెరికాలో విల్లుతో తెల్లతోక జింకల వేట సీజన్ వచ్చిందంటే అందరి మాటా గురి గురించే. అసలు బాధ్యత బాణం తగిలాక మొదలవుతుంది. దెబ్బతిన్న జింక వెంట అప్పటికప్పుడే పరుగెత్తడం అన్నిటికంటే పెద్ద తప్పు. పడుకున్నది బెదిరి లేచి దూరం పోతుంది, రక్తపు జాడ తెగుతుంది, ఏ పొదలోనో గంటల తరబడి నరకం అనుభవించి చస్తుంది.

ముందు బాణం వెతికి చూడాలి. గులాబీ రంగు రక్తం, సన్నటి నురగ బుడగలు ఉంటే తగిలింది ఊపిరితిత్తులకు; అరగంట ఆగితే చాలు. చిక్కటి ముదురు ఎరుపైతే కాలేయం, కనీసం 4 గంటలు. పచ్చటి పసరు అంటుకుని కంపు కొడితే పొట్ట. 8 నుంచి 12 గంటలు. ఆగడం ఎంత కష్టమైనా ఆగాల్సిందే.

తర్వాత జాడను తొక్కకుండా పక్కనే నడవాలి. చుక్క కనిపించిన ప్రతిచోటా టిష్యూ ముక్క పెడితే, వెనక్కి తిరిగి చూసినప్పుడు జింక వెళ్ళిన దిక్కు గీత గీసినట్టు తెలుస్తుంది. నేల మీద దొరక్కపోతే, నడుం ఎత్తున గడ్డి పరకలకు పూసుకుందేమో చూడాలి. వాన ముంచుకొస్తుంటే, అనుమతి ఉన్న రాష్ట్రాల్లో, తాడు కట్టి నడిపించే జాడ కుక్కను పిలవాలి. జర్మనీలోనైతే గాయపడ్డ జంతువును బాధ నుంచి త్వరగా విడిపించాలని వేట చట్టంలోనే ఉంది.

జాడ పక్కవాళ్ళ కంచె దాటితే ముందు వాళ్ళ తలుపు తట్టండి.