రోలాండ్ కంపెనీ పెట్టిన వాచీల రిపేరు మనిషి

కడపలో గానీ ప్రొద్దుటూరులో గానీ ఏ పెళ్లి ఆర్కెస్ట్రా అయినా చూడండి, సింగర్ల వెనకాల ఒకడు స్టాండు మీద ప్యాడ్, అంటే పుల్లలతో కొడితే డ్రమ్ముల సౌండ్ వచ్చే ఎలక్ట్రానిక్ పెట్టె, పెట్టుకొని వాయిస్తా ఉంటాడు. నేనూ అదే పని చేస్తా, పెళ్లిళ్లు, వినాయక చవితి, క్రిస్మస్ ప్రోగ్రాములు, ఏది వస్తే అది. మా వాళ్లల్లో చానామంది చేతిలో ఉండేది జపాన్ కంపెనీ రోలాండ్ చేసే ప్యాడే, ఆక్టాప్యాడ్ అంటారు, ఎస్‌పీడీ-20 తో మొదలుపెట్టినోళ్లు ఎస్‌పీడీ-30 కి వచ్చినారు. కానీ ఆ కంపెనీ పెట్టిన మనిషి ఎవరో ఎవురూ మాట్లాడుకోగా నేను వినలేదు, అందుకే రాస్తున్నా.

ఆయన పేరు ఇకుతారో కకెహాషి. 1930లో జపాన్‌లోని ఒసాకాలో పుట్టినాడు. రెండేళ్లప్పుడే అమ్మానాయన ఇద్దరూ టీబీతో పోయినారు, తాత జేజి సాకినారు. యుద్ధం అయిపోయినాక చదువుకుందామని పోతే ఆరోగ్యం బాగలేదని యూనివర్సిటీలో తీసుకోలా. సరేలే అని జపాన్ దక్షిణాన ఉండే క్యూషూ దీవి వైపు పోయినాడు, ఆడ వాచీలు బాగుచేసేటోడు లేడని గమనించి, కొన్ని నెలలు ఒకరి దగ్గర పని నేర్చుకొని 1947లో సొంతంగా వాచీల షాపు పెట్టేసినాడు. అప్పటికి పదిహేడేళ్లు! తర్వాత రేడియోలు కూడా విప్పి చూడడం మొదలైంది.

మళ్లీ చదువు కోసం ఒసాకాకి వస్తే, అమ్మానాయనను తీసుకపోయిన టీబీనే ఈయనకీ పట్టుకుంది. ఏండ్ల తరబడి ఆస్పత్రిలోనే. ఆడ కూడా ఊరికే పండుకోలేదు, తోటి పేషెంట్ల వాచీలు రేడియోలు బాగుచేస్తా గడిపినాడు, అప్పుడు కొత్తగా వచ్చిన స్ట్రెప్టోమైసిన్ మందును పరీక్షించే వాళ్లల్లో ఈయన్ను కూడా తీసుకోబట్టి బతికి బయటపడినాడు. ఈ ముక్క చదివినప్పుడు నాకు చానాసేపు వేరే పని తోచలేదు. ఆ మందు ఇంకొంచెం లేటుగా వచ్చింటే మా చేతుల్లో ఇప్పుడు ఏముండేదో.

1954లో ఒసాకాలో ఎలక్ట్రికల్ షాపు, ఆడికి రిపేరుకొచ్చే ఆర్గాన్లు, ఆ తర్వాత 1960లో ఏస్ ఎలక్ట్రానిక్ కంపెనీ. బటన్ నొక్కితే తాళం వేసే రిథమ్ బాక్సులు చేసినాడు, అమెరికా కంపెనీ హామండ్ ఆర్గాన్లలో కూడా వాడినారు వాటిని. అయితే ఆ కంపెనీలో ఎక్కువ వాటా ఈయనది కాదు, ఆ వాటా సంగీతం అంటే పట్టని పెద్ద కంపెనీ చేతికి పోయినాక బయటికొచ్చి 1972లో, 42 ఏళ్ల వయసులో, రోలాండ్ మొదలుపెట్టినాడు. సంగీతం పద్ధతిగా నేర్చుకున్న మనిషి కాదు. కానీ రిపేరు చేసేటోనికి వస్తువు యాడ తెగుతుంది, వాడేటోడు దేనికి ఇబ్బంది పడతాడు అనేది చేతులకే తెలుస్తుంది, మా ఊర్లో ప్యాడ్ల సెన్సర్లు మార్చే అన్నను చూస్తే నాకు అదే అనిపిస్తుంది.

1980లో వచ్చిన రోలాండ్ డ్రమ్ మిషన్ టీఆర్-808 గురించి అందరూ రాస్తారు. సుమారు 12,000 చేసి 1983లో ఆపేసినారు, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరకబట్టి అమెరికాలో హిప్‌హాప్ పిల్లోళ్లు దాన్ని ఎత్తుకున్నారు. గొప్పదే. కానీ నా లెక్కలో ఈయన చేసిన అన్నిటికన్నా పెద్ద పని మిడి, అంటే వేరే వేరే కంపెనీల ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే పద్ధతి.

అంతకుముందు ఒక కంపెనీ కీబోర్డు ఇంకో కంపెనీ దానితో కలిసేది కాదు, ఎవరి వైరు వాళ్లది, ఎవరి పద్ధతి వాళ్లది. అందరం ఒకే పద్ధతికి వద్దాం అని 1981లో ఈయన వేరే కంపెనీల వాళ్లను అడగడం మొదలుపెట్టినాడు, అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ నడిపే డేవ్ స్మిత్ చేయి కలిపినాడు, 1983 జనవరిలో నామ్ షో అనే వాయిద్యాల ఎగ్జిబిషన్‌లో సీక్వెన్షియల్ వాళ్ల ప్రాఫెట్-600 కీబోర్డుని, రోలాండ్ జూపిటర్-6 కీబోర్డుని కలిపి చూపించినారు. ఆ 5 పిన్నుల కేబుల్‌లో సౌండ్ పోదు, ఏ నోటు కొట్టినావు, ఎంత గట్టిగా కొట్టినావు లాంటి సమాచారం మాత్రమే పోతుంది, ఒక్క కేబుల్‌లో 16 ఛానెళ్లు, అంటే 16 వాయిద్యాల సమాచారం వేర్వేరుగా పోవచ్చు. దీనికి ఎవరి దగ్గరా రూపాయి ఫీజు తీసుకోలేదు. పోటీ కంపెనీలకు కూడా ఫ్రీ! ఒక్కో మిషన్ మీద ఇంత అని పెట్టింటే ఎంత సంపాదించేటోళ్లో, కానీ అప్పుడు చవక కీబోర్డుల్లో మిడి ఉండేది కాదు, మా లాంటోళ్ల దాకా వచ్చేదీ కాదు.

1985లో వచ్చిన మొదటి ఆక్టాప్యాడ్, ప్యాడ్-8, దాంట్లో సొంత సౌండే లేదు, తెలుసా? ఎనిమిది రబ్బరు ప్యాడ్లు, కొడితే మిడిలో సమాచారం పోతుంది, సౌండ్ ఇంకో బాక్సులో నుంచి రావాల. నా దగ్గరికి నేర్చుకోను వచ్చే పిల్లోళ్లకు ముందు మిడి అవుట్ నుంచి కీబోర్డుకి కేబుల్ పెట్టి ఇదే చూపిస్తా, ప్యాడ్ కొడితే కీబోర్డులో వీణ మోగేసరికి వాళ్లు ఎగురుతారు.

2013లో మిడికి గాను ఈయనకూ డేవ్ స్మిత్‌కూ టెక్నికల్ గ్రామీ, అంటే అమెరికా సంగీత అవార్డుల్లో టెక్నికల్ పనికి ఇచ్చేది, ఇచ్చినారు. అదే ఏడు రోలాండ్ వదిలేసి, 83 ఏళ్ల వయసులో, ఏటీవీ అని ఇంకో కంపెనీ పెట్టినాడు, దాంట్లోనూ ఎలక్ట్రానిక్ డ్రమ్సు చేయించినాడు. 2017 ఏప్రిల్ 1న పోయినాడు.