ఇరవయ్యో పేజీ దగ్గర ఆగిపోయిన పుస్తకం

పోయిన నెల మా అక్క కూతురు "పిన్నీ, ఏదైనా కొత్త పుస్తకం చెప్పవా" అని అడిగింది. దానికి పదమూడేళ్లు. నేను ఎగిరి గంతేసి, చిన్నప్పుడు నాకు ప్రాణంగా ఉన్న పుస్తకం చేతిలో పెట్టాను. కొత్తది అడిగితే పాతది ఇచ్చానన్న స్పృహే లేదు! ఇరవయ్యో పేజీలో పెట్టిన బుక్‌మార్క్ మూడు వారాలైనా కదల్లేదు.

తర్వాత అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే అవార్డుల జాబితాల మీద పడ్డాను. 1922 నుంచి ఇస్తున్న న్యూబెరీ మెడల్‌కి పద్నాలుగేళ్ల వరకు ఉన్న పిల్లల పుస్తకాలు చూస్తారు. 2000లో మొదలైన ప్రింట్జ్ అవార్డు పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్ల పుస్తకాలకి. మా పిల్ల రెండింటి మధ్యలో ఉంది. అక్కడా టెన్షనే. పైగా మెడల్ ఇచ్చేది పెద్దవాళ్లు కదా, చదవాల్సింది ఇదీ.

చివరికి దాన్నే అడిగాను, ఈమధ్య వదలకుండా చదివిందేంటని. బొమ్మల నవల అంది. నా మొహం ఎలా పెట్టానో గానీ, "అదీ పుస్తకమే పిన్నీ" అని గట్టిగా చెప్పింది. ఈసారి కొత్తగా వచ్చిన మూడు పుస్తకాలు ముందు పెట్టి, మొదటి రెండు పేజీలు చదివి నచ్చింది ఉంచుకోమన్నాను. రెండు పక్కకి తోసేసింది. అందులో ఒకటి మెడల్ వచ్చిందే!

వాళ్ల తమ్ముడికి మాత్రం ఐదు వేళ్ల చిట్కా చాలు. ఒక పేజీ చదువుతూ తెలియని మాటకి ఒక్కో వేలు మడవాలి, ఐదూ మడిస్తే ఆ పుస్తకం ఇంకొన్నాళ్లాగాలి. వాడు డైనోసార్ల పుస్తకంలో మొదటి పేరాకే పిడికిలి బిగించాడు. అయినా వదల్లేదు.